మెడ కొలత

సోంపేట బజారులో ఎల్లాజీ చేత చొక్కా కుట్టించుకోవడం అంత తేలికైన పని కాదు. గుడ్డ చేతికిచ్చి ఎప్పుడిస్తావని అడిగితే చాలు, ఆయనకి చిర్రెత్తుకొచ్చేది. అయినప్పుడిస్తానని ఒక మాట, తొందరైతే రెడీమేడ్ కొట్లు ఎదురుగానే ఉన్నాయని ఇంకో మాట. రెడీమేడ్ అంటే ఆయనకి ఎంత కోపమంటే, ఎవరైనా ఆ చొక్కా తొడుక్కుని కొట్లోకొస్తే ముందు దాని అంచు తిరగేసి చూసేవాడు. కుట్టు లోపల పావంగుళం గుడ్డ కూడా వదలరేం, మనిషి రేపు నాలుగు మెతుకులు ఎక్కువ తింటే ఈ చొక్కా ఏం కావాలి అని నిలదీసేవాడు, దాన్ని కుట్టింది ఆ వచ్చినవాడే అయినట్టు. తను మాత్రం ప్రతి పక్క కుట్టులోనూ అంగుళం గుడ్డ లోపలికి మడిచి ఉంచేవాడు. ముప్పై రెండేళ్ళుగా అదే పద్ధతి.

ఇంత తిక్క ఉన్న మనిషీ ఒక్కడి ముందు మాత్రం నోరెత్తేవాడు కాదు. ఆ ఒక్కడూ జగన్నాధం.

జగన్నాధం రైతు. ఊరికి మూడు కిలోమీటర్ల అవతల కొబ్బరితోట, దాని వెనక కాస్త జీడితోట. పగలంతా గోచీ బిగించి తోటలో మట్టి పని చేసేవాడు. సాయంత్రం అయిదయ్యేసరికి స్నానం చేసి, తెల్లటి సన్నఖద్దరు ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకుని, మణికట్టు దగ్గర బొత్తాం పెట్టుకుని, సైకిలెక్కి బజారుకొచ్చేవాడు. కొత్తగా వచ్చిన బ్యాంకు గుమాస్తా ఒకసారి ఎవరో పెద్ద ఆఫీసరనుకుని లేచి నిలబడ్డాడు. వెనక నవ్వుకునేవాళ్ళు నవ్వుకునేవారు, పెళ్ళికొడుకొచ్చాడని. జగన్నాధం పట్టించుకునేవాడు కాదు. రైతన్నవాడు మాసిన బట్టల్లోనే తిరగాలని ఏ పుస్తకంలో రాశారో చూపించమనేవాడు.

చొక్కా గుడ్డ కోసం తనే పొందూరు వెళ్ళేవాడు. తెచ్చిన గుడ్డని ఒక రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, నీడన ఆరబెట్టి, అప్పుడు ఎల్లాజీకిచ్చేవాడు. ఇచ్చి వెళ్ళిపోతాడా అంటే, లేదు. కత్తెర పడేదాకా బల్ల పక్కనే కూచునేవాడు. కాలరు కొనలు రెండూ ఒక్క పొడుగుండాలి. జేబు మీద నేత గీత, ఒంటి మీద నేత గీతతో కలవాలి. కాజాలు మిషను మీద కుడితే ఒప్పుకోడు, చేత్తో కుట్టాలి. ఒకసారి ఎడమ కాలరు కొన దారం మందం ఎక్కువ వచ్చిందని చొక్కా తిరిగి తెచ్చాడు. ఎల్లాజీ టేపు పెట్టి చూశాడు, నిజమే. ఇంకొకరైతే ఆ చొక్కా మొహాన కొట్టేవాడే గాని, జగన్నాధం అలా పట్టుకున్నందుకు ఎల్లాజీకి ఒళ్ళంతా పులకరించింది. ఆ రాత్రి భార్యతో చెప్పుకుని మురిసిపోయాడు, నా పని చూసే కళ్ళు ఈ ఊళ్ళో ఒక జత ఉన్నాయని. చుట్టరికం ఏమీ లేకపోయినా అప్పట్నుంచీ బావా అని పిలవడం మొదలుపెట్టాడు. జగన్నాధం భార్య ఈశ్వరి ఆయనకి చెల్లెలైంది.

కొలతల పుస్తకంలో మిగతా ఊరందరికీ మనిషికో వరస ఉంటే, జగన్నాధానికి నాలుగు పేజీలున్నాయి. ఛాతీ నలభై, మెడ పదిహేను. ఇరవై రెండేళ్ళలో ఆ రెండు అంకెలూ పెద్దగా కదల్లేదు.

తర్వాత కదిలాయి.

సోంపేట చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతపు మనుషులకి కిడ్నీ జబ్బు గురించి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. వీధికి ఇద్దరు ముగ్గురు ఉంటారు. రక్త పరీక్షలో క్రియాటినిన్ ఎంతొచ్చిందో చాకలి బండ దగ్గర మాట్లాడుకుంటారు. కాబట్టి జగన్నాధానికి వచ్చిందని తెలిసినప్పుడు ఊరు అయ్యో అనుకుని ఊరుకుంది. ఎల్లాజీ మాత్రం మూడు రోజులు మిషను మీద కూచోలేదు. డాక్టర్లు ఎడమ చేతి నరం కోసి పక్క రక్తనాళానికి కలిపారు. ఆ నరం ఉబ్బి, మోచేతి కింద తాడు పరిచినట్టు లేచింది. వారానికి రెండుసార్లు, సోమవారం, గురువారం, ఆ నరానికి సూదులు గుచ్చి రక్తం కడిగించుకోవాలి. అలా కడిగించుకున్నన్నాళ్ళూ బతుకుతాడు. మానేస్తే లేదు. ఇందులో దాపరికమేమీ లేదు, డాక్టరు అందరి ముందే చెప్పాడు.

జగన్నాధం మొదటిసారి వెళ్ళొచ్చి మానేశాడు.

ఈశ్వరి ఏడుస్తూ ఎల్లాజీ కొట్టుకి వచ్చింది. ఏమైందమ్మా అంటే, అక్కడ చొక్కా విప్పించారట, నాడాలు తెగిన ఆకుపచ్చ గౌను తొడిగారట, నాలుగు గంటలు అందరి ముందూ అలా పడుకోబెట్టారట. "సచ్చిపోతే సచ్చిపోతాను గాని ఆ గుడ్డ ఇంకోసారి కట్టను అంతన్నారు అన్నియ్యా. నీ మాటే ఇంతారు. నువ్వే ఏటైనా సెయ్యి" అంది.

పొట్టిచేతుల చొక్కా కుట్టిస్తే సరిపోతుంది కదా అని ఎవరికైనా తోస్తుంది. అందరికీ తోచిందే, జగన్నాధం దగ్గర ఆ మాటెత్తే ధైర్యం ఎవరికీ లేదు. తాడులా లేచిన ఆ చెయ్యి బజారందరికీ చూపించుకుంటూ తిరుగుతాడా ఆయన? ఎల్లాజీ నాలుగు రోజులు కొట్టు తలుపు సగం మూసుకుని ఆలోచించాడు. చివరికి ఎడమ చేతి కుట్టుని మణికట్టు నుంచి భుజం దాకా విప్పేసి, అక్కడ బొత్తాల పట్టీ వేశాడు. బొత్తాలు పైకి కనిపించకుండా వాటి మీద సన్నటి రెప్ప కప్పాడు. విప్పితే చెయ్యి మొత్తం బయటికొస్తుంది, పెట్టేస్తే మామూలు ఫుల్ హ్యాండ్స్ చొక్కా. ఉబ్బిన నరాన్ని గుడ్డ ఒత్తకూడదని ఆ చెయ్యి అరంగుళం వదులు చేసి, ఆ వదులు కుడిచేతికి తేడాగా కనపడకూడదని కుడిచెయ్యీ అంతే చేశాడు. తన చేతికే తొడుక్కుని, విప్పి, పెట్టి, పదిసార్లు చూసుకున్నాడు.

జగన్నాధం చొక్కాని వెలుతురుకి పట్టి చూశాడు. రెప్ప ఎక్కడ మొదలైందో వేలితో వెతికాడు, దొరకలేదు. "బాగుందిరా" అన్నాడు. సోమవారం నాడు డయాలసిస్‌కి వెళ్ళాడు.

అక్కడ సూదులు పెట్టే అమ్మాయి అరుణశ్రీ ఆ చొక్కా చూసి తోటి వాళ్ళందర్నీ పిలిచి చూపించిందట. ఎవరు కుట్టారు తాతగారూ అంటే, మా ఎల్లాజీ అని చెప్పాడట జగన్నాధం. ఆ మాట ఎల్లాజీ చెవినపడ్డ రోజు ఆయన నడక చూడాలి. మనిషిని కత్తెరతో బతికించానన్నంత గర్వం. ఆ గర్వం ఉత్తదేమీ కాదు కూడా. ఆ చొక్కాయే లేకపోతే జగన్నాధం ఏనాడో పోయేవాడు.

కానీ మనిషి తగ్గిపోతున్నాడు. నెలకోసారి చొక్కాలు తెచ్చి వదులైపోయాయనేవాడు. ఎల్లాజీ టేపు పెట్టేవాడు. నలభై ముప్పై ఎనిమిదైంది, ముప్పై ఎనిమిది ముప్పై ఆరైంది. మెడ పదిహేను కాస్తా పద్నాలుగుంపావు, తర్వాత పద్నాలుగూ కాదు. ప్రతి అంకె కిందా కొత్త అంకె రాస్తుంటే ఎల్లాజీకి అన్నం సయించేది కాదు. చెయ్యగలిగిందల్లా ఒక్కటే. పక్కలు లోపలికి తీసేవాడు, జేబు కాస్త జరిపేవాడు, భుజం విప్పి కుట్టేవాడు. చొక్కా ఎప్పటికప్పుడు సరిగ్గా కూచునేది. లోపల మనిషి మాత్రం ఏ కుట్టుకీ ఆగడం లేదు. ఇలా ఎంతవరకురా దేవుడా అని మిషను ముందు కూచుని కళ్ళొత్తుకున్న రోజులున్నాయి.

అలాంటిది, మొన్న వేసవిలో ఏప్రిల్ నెలాఖరున, టేపు వెనక్కి తిరిగింది.

జగన్నాధం తమ్ముడి కూతురు పెళ్ళి బొబ్బిలిలో. మే నెల మూడోవారంలో ముహూర్తం. ఇంటికి పెద్ద ఆయనే, పందిట్లో ముందు నిలబడాల్సిన మనిషి. పెళ్ళికని పొందూరు గుడ్డ తెప్పించి కొలతలివ్వడానికొచ్చాడు. ఎల్లాజీ మెడకి టేపు చుట్టి చూస్తే పద్నాలుగు. పోయిన నెల పదమూడున్నర. నమ్మకం కుదరక మళ్ళీ చుట్టాడు. పద్నాలుగే. నడుం చూశాడు, అంగుళమున్నర పెరిగింది. మొహం వంక చూశాడు. దవడలు లోపలికి పోయి నెలల తరబడి చూడలేకపోయిన మొహం, నిండుగా ఉంది.

"బావా, ఒల్లు పడతన్నావు" అన్నాడు.

"నిజం సెప్పు."

"నీకు నానెప్పుడైనా ఉత్తి మాట సెప్పినానేటి? సూడు." పుస్తకం తెరిచి ముందుకు తోశాడు.

జగన్నాధం పుస్తకం మీద చెయ్యి వేసి తడిమాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ రోజు ఎల్లాజీ బజార్లో కనపడ్డ ప్రతివాడికీ చెప్పాడు, మా బావ తేరుకుంటున్నాడని. ఇంటికెళ్తూ మిఠాయి పొట్లం కట్టించుకుపోయాడు.

వారం తిరిగేసరికి జగన్నాధం మళ్ళీ వచ్చాడు, పెళ్ళి చొక్కా కాలరు ఎలా వస్తోందో చూడ్డానికి. మెడ పద్నాలుగున్నర. పాత చొక్కా బొత్తాం పెట్టుకుంటే ఒత్తుతోందన్నాడు. ఎల్లాజీ సంబరంగా దాని పక్కలు విప్పాడు. లోపలికి తీసిన గుడ్డంతా బయటికి వదిలాడు, మిగిలిన ముక్కతో కాలరుకి కొత్త పట్టీ వేశాడు. పుట్టి బుద్ధెరిగాక కుట్టు విప్పడంలో అంత ఆనందం ఎన్నడూ ఎరగడు.

పెళ్ళికి పాంటు కూడా కావాలన్నాడు జగన్నాధం. ఎప్పుడూ పంచె కట్టే మనిషి ఈసారి ముచ్చటపడ్డాడు. ఎల్లాజీ కింద కూచుని పిక్క కింద టేపు చుట్టాడు. టేపు తీసేశాక, అది చుట్టిన చోట కాలి మీద గాడి పడి ఉంది. అంచులు కూడా స్పష్టంగా తెలుస్తున్నాయి. కొలత రాసుకుని మళ్ళీ తిరిగి చూసినా ఆ గాడి అలాగే ఉంది. ఎల్లాజీ చూశాడు. చూడకేం, గుడ్డలో ఒక్క పోగు తప్పితే పట్టుకునే కళ్ళు. కొత్తగా పట్టిన కండ కదా, ఇంకా గట్టిపడలేదు, మెత్తగా ఉందనుకున్నాడు. చెప్పులపట్టీ కూడా అచ్చు పడిందే అని నవ్వాడు, కాళ్ళకీ ఒళ్ళు పట్టింది బావా, చెప్పులు మార్చాలి అన్నాడు.

ఎండలు మండిపోతున్నాయి. డయాలసిస్ మనిషికి నీళ్ళు కొలిచి తాగాలని రూలు. టీ, మజ్జిగ, పప్పులో నీళ్ళు అన్నీ కలిపి లీటరు దాటకూడదు. మొదట్లో జగన్నాధం గుర్తులు పెట్టిన సీసాతో కొలుచుకునేవాడు. తేరుకుంటున్నానన్న ధైర్యం వచ్చాక సీసా పక్కన పెట్టాడు. కొట్లో కూచుంటే ఎల్లాజీ కుండలో నీళ్ళు చెంబుతో తనే ముంచుకుని తాగాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. ఈశ్వరి వద్దంటే టేపు మాట చెప్పేవాడు. ఆవిడ నమ్మలేక ఎల్లాజీ దగ్గరికొచ్చింది.

"అన్నియ్యా, ఆయన పెల్లి పనులకి బొబ్బిలి ఎల్లిపోతాను, ఈ గురువారం డయాలిసిస్‌కి ఎల్లను అంతన్నారు. ఒల్లు బాగయింది, ఒకటి రెండు మానేస్తే ఏటవదని. నిజంగా బాగయిందేటి? నువ్వు సూసినావు కదా."

ఇక్కడ ఎల్లాజీ ఒక్క మాట అనాల్సింది. నాకేం తెలుసమ్మా, నేను దర్జీని, అక్కడ డాక్టర్లున్నారు వాళ్ళనడుగు అని. ఆ మాట ఆయన నోటి నుంచి రాలేదు. వస్తే ఆయన ఎల్లాజీ ఎందుకవుతాడు? పుస్తకం తెరిచి ఆవిడకీ చూపించాడు. పదమూడున్నర, పద్నాలుగు, పద్నాలుగున్నర. చదువురాని ఆవిడకి వేలు పెట్టి చదివి వినిపించాడు.

"టేపుకి బావ మీద ప్రేమేటి సెల్లీ? ఉన్నదే సెప్తాది" అన్నాడు.

ఆవిడ మొహం తేలికపడింది. చెంగుతో కళ్ళు తుడుచుకుని ఇంటికెళ్ళిపోయింది. జగన్నాధం గురువారం మానేశాడు. బొబ్బిలి వెళ్ళి పందిరి దగ్గర్నుంచి వంటవాళ్ళ దాకా మాట్లాడి, ఆదివారం తిరిగొచ్చాడు. మర్నాడు సోమవారం, ఒళ్ళు బడలికగా ఉందని అదీ మానేశాడు.

మంగళవారం తెల్లారి పెళ్ళి చొక్కా ఇస్త్రీ చేసి మడత పెడుతుంటే ఎల్లాజీకి ఫోనొచ్చింది. పక్కింటి వాళ్ళెవరో చేశారు. జగన్నాధానికి పడుకుంటే ఊపిరాడటం లేదట, లేచి కూచున్నా ఆడటం లేదట, డయాలసిస్ సెంటరుకి తీసుకెళ్ళారట. ఎల్లాజీ చొక్కా మడత అలాగే వదిలేసి పరిగెత్తాడు. ఆయన వెళ్ళేసరికి అంబులెన్సు వెళ్ళిపోయింది. శ్రీకాకుళం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారన్నారు.

గుమ్మంలో అరుణశ్రీ నిలబడి ఉంది. పాతికేళ్ళుంటాయేమో, పొద్దున్నే అలిసిపోయి కనిపించింది. ఏమైందమ్మా మా బావకి, బాగా తేరుకున్నాడే, పదిరోజుల్లో మెడ అరంగుళం పెరిగిందే అని ఎల్లాజీ వగరుస్తూ అడిగాడు.

ఆ పిల్ల ఆయన మెడలోని టేపు చూసింది. "మీరేనా టైలరు?" అంది.

తర్వాత ఆ పిల్ల చెప్పిందేమిటంటే, నెల రోజులుగా వచ్చిన ప్రతిసారీ జగన్నాధం బరువు మూడు కిలోలు, నాలుగు కిలోలు ఎక్కువ చూపిస్తోందట. అదంతా ఒంట్లో చేరిన నీరే, మిషను ఒక్కరోజులో అంత లాగలేదు, నీళ్ళు తగ్గించండి తాతగారూ, ఇంకో రోజు కూడా రండి అని ఆ పిల్ల బతిమాలుతూనే ఉందట. ఆయన నవ్వి, నీరు కాదమ్మా, ఒళ్ళు పడుతున్నాను, మా టైలరు కొలిచి మరీ చెప్పాడు అనేవాడట. వేళాకోళమాడుతున్నాడనుకుందట. ఇంట్లో వాళ్ళకి చెబుదామని రెండుసార్లు ఫోను చేసిందట, ఎవరూ ఎత్తలేదట.

"మొహం ఉబ్బుతుంది, నడుం ఉబ్బుతుంది. కాలి మీద వేలు పెట్టి నొక్కితే గుంట పడుతుంది, చాలాసేపు పూడదు. అదే గుర్తు" అంది అరుణశ్రీ. "రెండుసార్లు మానేశారు కదా, ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి ఎక్కేసింది."

ఎల్లాజీ అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. వేలితో నొక్కడం దేనికి, టేపు చుట్టిన గాడి కళ్ళారా చూశాడు కదా తను. చూసి నవ్వాడు కదా. మొగుడూపెళ్ళాలిద్దర్నీ నమ్మించాడు. కుట్లు విప్పి మరీ ఆ నీటికి చోటిచ్చాడు. ఆ చొక్కా ఒత్తుతోందని జగన్నాధం చెప్పింది బొత్తాం గురించా, ప్రాణం గురించా? ఒత్తనిచ్చినా సరిపోయేదే, ఒత్తితేనైనా భయపడేవాడే అని తల బాదుకున్నాడు.

శ్రీకాకుళం వెళ్ళేసరికి మధ్యాహ్నం దాటింది. లోపలికి పోనివ్వలేదు. ఆ రోజు కాదు, మర్నాడూ కాదు, మూడోరోజు సాయంత్రం గాని చూడనివ్వలేదు. ఆ మూడురోజులూ ఎల్లాజీ వరండాలో ఈశ్వరి పక్కన గచ్చు మీదే ఉన్నాడు. బుధవారం రాత్రి పెళ్ళి ఆగకూడదని జగన్నాధం అంబులెన్సులోనే ఈశ్వరికి మూలుగుతూ చెప్పాడు కాబట్టి తమ్ముడి వాళ్ళు బొబ్బిలిలో ఉండిపోయారు. ఎల్లాజీ ఆవిడకి జరిగిందంతా చెప్పేశాడు, టేపు గాడి సంగతితో సహా. తిడుతుందనుకున్నాడు, తిడితే బాగుండుననుకున్నాడు. ఆవిడ విని, తలదించుకుని, నాకూ ఆ మాటే కావాల్సొచ్చింది అన్నియ్యా అంది.

మూడోరోజు డాక్టరు ఈశ్వరిని పిలిచి మాట్లాడాడు. ఆవిడ తిరిగొచ్చి గోడకి జేరబడింది.

"నీరు లాగేసినారట. లాగతంటే రెండుసార్లు గుండె ఆగిపోయిందట" అంది. "ఇంక డయాలిసిస్ పెడితే ఆ గుండి తట్టుకోదు, పెట్టలేమంతన్నారు. ఇంటికి తీస్కెల్లిపోమన్నారు." ఎల్లాజీ వైపు తిరిగింది. "ఆయనకి నాను సెప్పలేదు అన్నియ్యా. నువ్వూ సెప్పకు."

ఎల్లాజీ లోపలికెళ్ళాడు.

ఆకుపచ్చ గౌనులో ఉన్నది జగన్నాధమేనని పోల్చుకోవడానికి కాస్త సమయం పట్టింది. నెల రోజుల నిండుదనమంతా ఎటో పోయింది. గౌను మెడలో పిడికిలి పట్టేంత ఖాళీ ఉంది. మెడ కింద ఎముకలు పైకి లేచి ఉన్నాయి. కళ్ళు మాత్రం తెరిచి ఉన్నాయి, అవి ఎల్లాజీని గుర్తుపట్టాయి.

ముందుగా ఆయన అడిగింది పెళ్ళి సంగతి. బాగా జరిగిందని చెప్పాడు ఎల్లాజీ. తర్వాత చొక్కా సంగతి. ఇస్త్రీ అయిందని చెప్పాడు. ఇంక దాచలేకపోయాడు. మంచం పట్టీ పట్టుకుని కింద కూచుండిపోయాడు.

"బావా, అది ఒల్లు కాదు. నీరు. నాను తప్పు సూసినాను."

ఎల్లాజీ చెప్పుకుపోయాడు, పిక్క మీద గాడి పడడం, అది కండ అనుకోవడం, అందరికీ చాటుకోవడం. చెబుతూ ఏడ్చేశాడు. నర్సు వచ్చి గట్టిగా మాట్లాడొద్దని కసిరింది.

"దారం మందం తేడా పట్టేస్తావు కదరా నువ్వు" అన్నాడు జగన్నాధం. కోపం లేదు ఆ గొంతులో. అర్థంకాక అడిగినట్టే ఉంది.

"కనపడింది బావా. కనపడినా నీరని అనుకోలేదు. నువ్వు బాగుపడతన్నావనే అనుకోవాలనిపించింది."

జగన్నాధం కళ్ళు మూసుకున్నాడు. అయితే ఆ నెలంతా నేను బాగుపడనే లేదా అని అడిగాడు. లేదన్నాడు ఎల్లాజీ. ఆ నెల రోజులే కాస్త నిద్రపట్టిందని చెప్పాడు జగన్నాధం. ఎల్లాజీ చిన్నపిల్లాడిలా ముక్కు తుడుచుకున్నాడు.

కాసేపటికి జగన్నాధం చెయ్యి ఎత్తి, టేపు ఉందా అన్నట్టు వేళ్ళు ఆడించాడు. టేపు ఎల్లాజీ మెడలోనే ఉంది. ముప్పై రెండేళ్ళుగా స్నానానికి తప్ప తియ్యడు. ఇప్పుడు దాన్ని తీశాడు. జగన్నాధం మెడ ఎత్తి పట్టుకున్నాడు. ఎల్లాజీ చుట్టి చూశాడు.

"ఎంత?"

"పన్నెండుంపావు."

"సరిగా సూసినావా?"

"సూసినాను బావా."

జగన్నాధం తల ఊపాడు. ఆ అంకె ఆయన్ని కుంగదీస్తుందేమోనని ఎల్లాజీ బిక్కుబిక్కుమంటూ చూస్తున్నాడు. జరిగింది వేరు. ఆయన గొంతులో పాత పట్టుదల వచ్చింది, చొక్కా తిరిగి తెచ్చి తప్పు చూపించేటప్పటి పట్టుదల.

"అయిందేదో అయిందిరా. పిచ్చోన్లాగ రెండుసార్లు మానీసినాను. ఇంక సచ్చినా మానను. సోంపేట ఎల్లగానే సోమవారం డయాలిసిస్‌కి ఎల్తాను, ఆ పిల్ల అడిగినట్టు మూడో రోజూ ఎల్తాను. నీల్లు సీసాతో కొలుసుకుని తాగుతాను. నువ్వు పెల్లి సొక్కా ఈ కొలతకి తగ్గించి, ఎడం సెయ్యి మనం ఏసినట్టే బొత్తాల పట్టీ పెట్టు. సోమవారానికి అయిపోవాల. అవుద్దా?"

ఎల్లాజీ తలుపు వైపు చూశాడు. అద్దంలోంచి ఈశ్వరి కనిపిస్తోంది. ఆవిడ ఎల్లాజీనే చూస్తోంది.

గుడ్డ ఇచ్చినవాడు ఎప్పుడిస్తావని అడిగితే ఎన్నడూ రోజు చెప్పని మనిషి ఎల్లాజీ.

"సోమారం పొద్దున్నే తెచ్చి నీ సేతికిస్తాను బావా" అన్నాడు.

జగన్నాధం సరేనని, కాలరు కొనలు చూసుకోమని మరోసారి హెచ్చరించాడు.